పెరటి ప్రశ్నలు: చారల అజేలియాలో చారలు తగ్గిపోతుంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అజేలియా అనే పూల పొదల గురించే. మే నెల సంచిక కాబట్టి అది మామూలే. అయితే అడిగినవాళ్లలో చాలామంది బాధ ఒక్కటే: రెండు రంగులని కొన్న మొక్క ఒకే రంగుకి మారిపోతోందని. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను. దోమలు, ఎరువులు, కరివేపాకు ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మా, మా ముందు గది కిటికీ కింద ‘ఆటమ్ ట్విస్ట్’ అనే అజేలియా ఉంది. తెల్లటి పూల మీద వంకాయ రంగు చారలు చూసి ముచ్చటపడి కొన్నాం. మొదట్లో అలాగే పూసింది. ఇప్పుడు పొదలో ముప్పాతిక వంతు ఉత్త వంకాయ రంగు పూలే. నర్సరీవాళ్లు వేరే మొక్క అంటగట్టారని మావారు అంటారు. ఎరువు ఎక్కువైందని పక్కింటావిడ అంటుంది. రంగు మారిన కొమ్మలు కొట్టేద్దామంటే, ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు పూసిన కొమ్మను కోయకూడదని పట్టుబట్టారు. ఏటా అక్టోబరులో లాన్ కోసేవాళ్లు వచ్చి దీన్ని కూడా గుండ్రంగా కత్తిరించి వెళ్తారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఆల్ఫరెటా, జార్జియా

జవాబు: ముందు మీవారి అనుమానం తీర్చేద్దాం. నర్సరీవాళ్లు మోసం చేయలేదు. తెలుపు మీద చారలున్న పూలు, మధ్యమధ్య ఉత్త వంకాయ రంగు పూలు ఒకే పొద మీద పూయడం ఆటమ్ ట్విస్ట్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. ఒక్కో కుండీలో రెండు మొక్కలు కలిపి పెట్టి అమ్మే నర్సరీలు లేకపోలేదు. ఆ అనుమానం కూడా పోవాలంటే మొక్క మొదలు దగ్గర పరిచిన పైన్ స్ట్రా (ఎండిన పైన్ ఆకులు) పక్కకి తోసి, మట్టి దగ్గర వేలు పెట్టి చూడండి. కొమ్మలన్నీ ఒకే మొదలు నుంచి వస్తుంటే మొక్క ఒక్కటే. పక్కింటావిడ చెప్పిన ఎరువుకీ దీనికీ సంబంధం లేదు.

అసలు సంగతి చిగురు కొనలో ఉంది. ఉల్లిపాయలో పొరలున్నట్టు చిగురు కొనలోనూ కణాలు పొరలుగా ఉంటాయి. పూరేకకు పైకి కనపడే రంగు ముఖ్యంగా పై పొర నుంచి వస్తుంది. చారల అజేలియాలో ఆ రంగు చేసే జన్యువు మూతపడి ఉంటుంది కాబట్టి పువ్వు తెల్లగా పూస్తుంది. కానీ ఆ మూత గట్టిది కాదు. ఎక్కడో ఒక కణంలో తెరుచుకుంటుంది. రేక దాదాపు తయారయ్యాక తెరుచుకుంటే ఒక చుక్క పడుతుంది. కాస్త ముందు తెరుచుకుంటే చార వస్తుంది. ఇంకా ముందు, మొగ్గ రూపు కట్టే దశలోనే తెరుచుకుంటే సగం పువ్వు తెలుపు, సగం వంకాయ రంగు. కొమ్మ పుట్టే చిగురులోనే తెరుచుకుందనుకోండి, ఆ కొమ్మా దాని పిల్లకొమ్మలూ అన్నీ వంకాయ రంగే పూస్తాయి.

మీ పొదలో జరిగింది ఈ చివరిదే. ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, చారల కొమ్మ రంగు కొమ్మగా మారుతుంది గానీ, రంగు కొమ్మ మళ్లీ చారలకి రావడం చాలా అరుదు. దారి ఒకవైపే. అందుకే మనం ఊరుకుంటే ఏడాదికేడాది రంగు వాటా పెరుగుతుందే తప్ప తగ్గదు. మీరు ఏమీ చేయకపోవడం కూడా ఒక పక్షం వహించడమే, అదీ వంకాయ రంగు పక్షం.

ఇక కత్తెర సంగతి. ఎప్పుడు కోయాలి? పూలు చెట్టు మీద ఉండగానే. ఇది మీ అత్తగారికి నచ్చదని తెలుసు. మా అమ్మ కూడా పూసిన కొమ్మ జోలికి వెళ్లనిచ్చేది కాదు. కానీ పూలు రాలాక ఏది చారల కొమ్మో, ఏది రంగు కొమ్మో ఎవరు చెప్పగలరు? ఆకులన్నీ ఒకేలా ఉంటాయి. అత్తగారి మాట కాదనలేకపోతే మధ్యే మార్గం ఒకటుంది. పూలున్నప్పుడు రంగు కొమ్మల మొదట్లో ఊలు దారం కట్టండి. అదీ ఎర్రదో పచ్చదో, ఆకుల్లో కలిసిపోయే ఆకుపచ్చది వద్దు. పూలు వాడిపోయిన వారంలో దారం చూసుకుంటూ కోయండి. లేదా పూలతో ఉన్న కొమ్మనే కోసి హాల్లో నీళ్ల జాడీలో పెట్టండి. నాలుగైదు రోజులు ఇల్లు కళకళలాడుతుంది. అప్పుడు అత్తగారే ఇంకో కొమ్మ తెమ్మంటారేమో.

ఎక్కడ కోయాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది రంగు పూలున్న కొనలు తుంచి పని అయిపోయిందనుకుంటారు. అలా చేస్తే కింద మిగిలిన మోడు నుంచి రెండు మూడు కొత్త చిగుళ్లు వస్తాయి, అన్నీ వంకాయ రంగువే. మీరు కోసింది ఒకటి, పుట్టింది మూడు. కాబట్టి రంగు పువ్వు దగ్గర మొదలుపెట్టి వేలితో ఆ కొమ్మ వెంటే కిందికి రండి. పక్కన చారలు పూసే కొమ్మ కలిసే పంగ దగ్గర ఆగండి. అక్కడ, పంగకి ఆనుకుని, మోడు మిగలకుండా కోయండి. రెండు అలుగులు ఒకదాని పక్కగా ఒకటి జారే కత్తెర వాడండి. కొమ్మను నలగ్గొట్టే మొద్దు కత్తెర వద్దు. కోసిన చోట రంగులూ పసుపూ పూయనక్కర్లేదు, మొక్క తనే మాన్పుకుంటుంది.

సగం తెలుపు సగం రంగు పూలున్న కొమ్మ దగ్గర కాస్త ఆలోచించాలి. అలాంటి పువ్వు కనబడిందంటే రంగు గీత ఆ కొమ్మలో ఒక పక్కగా నడుస్తోందన్నమాట. ఆ పక్క నుంచి పుట్టే చిగురు రంగుదవుతుంది, ఇటు పక్కది చారలదవుతుంది. నేను అలాంటి కొమ్మను తీసేయను. దారం కట్టి మరుసటి ఏడు దాని పిల్లకొమ్మల్ని చూస్తాను. ఉత్త తెల్లపూల కొమ్మలు కనబడితే అవి కూడా ఉండనివ్వండి. ఈ రకం మొక్కల్లో మూత పడి ఉన్న అసలు స్థితి అదే, సాధారణంగా చారలు మళ్లీ పుట్టేది వాటి నుంచే. ‘చారల్లేవు కదా’ అని తెల్లకొమ్మల్ని కోసేసేవాళ్లున్నారు. ఉన్న పెట్టుబడిని పారేసుకోవడమే అది.

ఎంత కోయాలి? మీ పొదలో ముప్పాతిక వంతు రంగు మారిందంటున్నారు. అంతా ఒకేసారి తీసేస్తే మొక్క బోసిపోవడమే కాదు, నీరసపడుతుంది. ఏడాదికి మూడో వంతు మించకండి. మొదటి విడతలో మొదట్లోంచి, నేల దగ్గర నుంచి నిటారుగా లేచిన రంగు కొమ్మల్ని తీయండి. చాలా చెట్లకు బలం తలలో ఉంటుంది. అజేలియాకు కింద ఉంటుంది. అడుగు నుంచి వచ్చిన కొమ్మ పైవాటిని మించి బలుస్తుంది. అది రంగు కొమ్మయితే మీ చారలు బతికి బట్టకట్టవు. పైన కనిపించే రంగు కొమ్మలు చూడ్డానికి కొట్టొచ్చినట్టుంటాయి గానీ, అవి రెండో ఏడు తీసినా కొంప మునగదు.

అన్నీ తీసేయాలా అంటే, అది మీ ఇష్టం. నాకైతే ఒకటో రెండో రంగు పూల గుత్తులు ఉంటేనే తెల్లచారల అందం తెలుస్తుంది. మా పొదలో ఒక చిన్న రంగు కొమ్మను పక్కవాటుగా ఉంచాను. అది జానెడు దాటితే పూలు వాడగానే పొట్టి చేస్తాను. మొత్తం మీద చారలవాళ్లదే మెజారిటీ అయితే చాలు.

ఇప్పుడు ఆ అక్టోబరు కత్తిరింపు. దాన్ని ఈ ఏడాది నుంచి ఆపించండి. వసంతంలో పూసే అజేలియాలన్నీ వేసవిలోనే వచ్చే ఏటి మొగ్గలు కడతాయి. జులై దాటాక కోసిన ప్రతి కొనతోనూ వచ్చే ఏటి పూలు పోతాయి. మీది ఎంకోర్ జాతి. లూసియానాలో పుట్టించిన ఈ జాతి వసంతం, వేసవి, శరదృతువు మూడు కాలాల్లోనూ పూస్తుంది కాబట్టి నష్టం అంతగా కనిపించదు. కానీ అక్టోబరులో కోస్తే వచ్చే లేత చిగురు మంచుకి మాడుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, గుండ్రంగా మిషన్ పెట్టి కోసేటప్పుడు చారల కొనలు, రంగు కొనలు అన్నీ సమానంగా తెగుతాయి. అప్పుడు ఎవరికి అడుగున బలముంటే వాళ్లు ముందు లేస్తారు. మీ పొదలో వంకాయ రంగు అంత త్వరగా ముప్పాతిక వంతుకి చేరడానికి నేను ఆ మిషన్‌నే అనుమానిస్తున్నాను. కావాలంటే వచ్చేసారి లాన్‌వాళ్లు వచ్చినప్పుడు పొద చుట్టూ తాడు కట్టండి. నేను మా మేరీలాండ్ ఇంట్లో అదే చేస్తాను, మాటతో పని జరగదు.

ఎంకోర్‌కు కోత వసంతపు పూత అవగానే, మీ దగ్గరైతే ఏప్రిల్ చివర్లో. ఈ ఉత్తరం అచ్చయ్యేసరికి అది దాటుతుంది. పర్వాలేదు, వేసవి పూతలో రంగు కొమ్మలు మళ్లీ కనిపిస్తాయి, అప్పుడు ఒకటీ అరా తీయొచ్చు. ఆగస్టు తర్వాత మాత్రం దారం కట్టి ఊరుకోండి.

ఒక చిన్న కిటుకు. అజేలియాల్లో చాలా రకాలకు తెల్లపూల కొమ్మల ఆకులు చలికాలంలో పసుపుకి తిరుగుతాయి, రంగుపూల కొమ్మల ఆకులు ఎర్రబారతాయి. డిసెంబరులో పొద దగ్గర నిలబడి చూస్తే ఎర్ర ఆకుల గుంపులు ఎక్కడున్నాయో తెలుస్తుంది. అది సూచన మాత్రమే. ఆకు చూసి కత్తెర పెట్టకండి, పువ్వు చూసే పెట్టండి.

ప్రశ్న: మేం కొన్న ఇల్లు పాతది. వెనకవైపు నడుమెత్తు అజేలియా పొద ఉంది. పూలన్నీ గులాబీ రంగే. ఈ ఏడు పొద లోపల, నీడలో, ఒకే ఒక్క కొమ్మకి తెల్లపూలు, వాటి మీద గులాబీ చారలు కనబడ్డాయి. పక్కింటి పెద్దాయన ఒకప్పుడు పొదంతా అలాగే పూసేదన్నారు. ఆ ఒక్క కొమ్మనైనా కాపాడుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు, షాంటిలీ, వర్జీనియా

జవాబు: మీ పక్కింటి పెద్దాయన చెప్పింది నిజమయ్యే అవకాశం చాలా ఉంది. మీ ప్రాంతంలో పాత ఇళ్ల ముందున్న చారల అజేలియాల్లో గ్లెన్ డేల్ రకాలు బాగా కనిపిస్తాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరీటమ్ అనే చెట్ల ఉద్యానానికి మొదటి డైరెక్టర్ బెంజమిన్ మోరిసన్, మేరీలాండ్‌లోని గ్లెన్ డేల్‌లో ఏళ్ల తరబడి సంకరం చేసి, 450కి పైగా రకాలకు పేర్లు పెట్టి విడుదల చేశాడు. చుక్కలు, చారలు, అంచులు ఉన్నవి వాటిలో బోలెడు. మీది ఏ రకమో ఉత్తరంలో చూసి చెప్పలేను. ఏప్రిల్ చివర్లో ఆర్బొరీటమ్‌కి వెళ్లి అక్కడి కొండవాలు మీద పూసినవాటితో మీ పువ్వును పోల్చి చూసుకోండి. టికెట్ లేదు.

పొద మొత్తాన్ని వెనక్కి తేవాలన్న ఆశ వదులుకోండి. చారల కొమ్మ ఒక్కటే మిగిలినప్పుడు మిగతావన్నీ కోయాలంటే పొదనే కోసినట్టు. దానికి బదులు ఆ కొమ్మ నుంచి కొత్త మొక్క తీయండి. విత్తనం వేస్తే రాదు, విత్తనంతో వచ్చేది వేరే మొక్క. కొమ్మ ముక్కో, నేలంటో కట్టాలి.

నాది కడియం పక్క ఊరు. నేలంటు కట్టడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నా ఓటు దానికే. కొమ్మ నేలకి వంగేలా ఉంటే అంతకంటే అదృష్టం లేదు. నేలకి తగిలేచోట అడుగువైపు అంగుళంన్నర మేర బెరడు సన్నగా గీకండి. లోపలి పచ్చదనం కనపడితే చాలు, కొయ్య దాకా వెళ్లొద్దు. అక్కడ చిన్న గుంట తవ్వి, పొడి చేసిన పైన్ బెరడు, పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) కలిపి నింపండి. కొమ్మను అందులోకి వంచి, వంచిన ఇనుప తీగ గుచ్చి కదలకుండా చేసి, పైన అదే మట్టి కప్పి, దాని మీద ఒక రాయి పెట్టండి. కొన మాత్రం బయటికి, పైకి చూస్తూ ఉండాలి. తడి ఆరకుండా చూసుకోండి. ఇప్పుడు కడితే వచ్చే ఏడు వసంతానికి మెల్లగా మట్టి తవ్వి చూడండి. వేళ్లు జుట్టులా అల్లుకుని ఉంటే తల్లి నుంచి కోసి వేరు చేయండి. లేకపోతే మళ్లీ కప్పేసి ఇంకో వేసవి ఆగండి. తొందరపడి లాగితే లేత వేళ్లు తెగిపోతాయి. అజేలియా వేళ్లు దారాల్లా సన్నం.

కొమ్మ వంగకపోతే ముక్కలు పాతండి. జూన్ చివర, జులై మొదట్లో ఈ ఏటి చిగురు సగం ముదిరి ఉంటుంది. వంచితే విరిగీ విరగనట్టుండాలి. చారలు పూసిన చోటు నుంచి వచ్చిన చిగుళ్లనే, మూడు నాలుగు అంగుళాల పొడవున కోయండి. కింది ఆకులు తీసేసి, కొనలో మొగ్గ ఉంటే గిల్లేసి, వేళ్లు పుట్టించే పొడిలో అద్ది, పీట్, పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుళికలు) సగం సగం కలిపిన కుండీలో గుచ్చండి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కప్పి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచండి. రెండు నెలలకి కాస్త అటూ ఇటూగా వేళ్లు వస్తాయి. ఒకటి కాదు, దొరికినన్ని పెట్టండి. కొన్ని చస్తాయి. బతికినవాటిలోనూ ఒకటి రెండు గులాబీ రంగుకి తిరగొచ్చు. మొదటిసారి పూసినప్పుడు ఆ పూలు చూసి మురిసిపోవద్దు, దిగులూ పడొద్దు. లేత మొక్క పూత నిలకడగా ఉండదు. రెండో, మూడో పూత చూసి ఏది ఉంచుకోవాలో తేల్చుకోండి.

ఈలోగా తల్లి పొదలో ఆ కొమ్మ మీద నీడ వేస్తున్న గులాబీ కొమ్మల్ని నాలుగైదింటిని తీసి వెలుతురు పడనివ్వండి. లోపల నీడలో ఉన్న కొమ్మ మీరు నేలంటు కట్టేలోపే ఎండిపోతే చేసేదేమీ ఉండదు.

ప్రశ్న: టోక్యోలో, నిషి కసాయ్‌లో ఉంటాను. పోయిన ఏడు మే చివర్లో ఆఫీసు స్నేహితులతో కనుమా ఊళ్లో సత్సుకి (ఆలస్యంగా పూసే జపాన్ అజేలియా) ప్రదర్శనకు వెళ్లాను. మూడడుగులు కూడా లేని బోన్సాయ్ చెట్టు మీద తెల్లవి, చుక్కలవి, గులాబీవి, సగం సగంవి, అన్నీ లెక్కపెట్టి సర్దినట్టు పూశాయి. అది అంటు కట్టడం వల్లా? చిన్న మొక్క ఒకటి కొనుక్కున్నాను.
— ఒక పాఠకుడు, టోక్యో

జవాబు: మీ ఉత్తరం చదివితే కాస్త అసూయ కలిగింది బాబూ. కనుమా అంటే సత్సుకి ప్రపంచానికి పుట్టిల్లు లాంటిది. అంటు కాదు. మొదటి జవాబులో చెప్పిన గుణమే, కాకపోతే దాని మీద కొన్ని వందల ఏళ్ల ఎంపిక జరిగింది. 1692లోనే ‘ఎడో’ అనే నగరంలో, అంటే ఇప్పటి మీ టోక్యోలో, ఒక నర్సరీ యజమాని అజేలియాలను, సత్సుకిలను వేరు వేరుగా వర్ణిస్తూ బొమ్మలతో పుస్తకం అచ్చు వేశాడు. అప్పటికే వాళ్లకి వందల రకాలున్నాయి.

మీరు చూసిన చెట్టు మీద సర్దింది మనిషే. యజమాని ఏటా పూత సమయంలో ఏ కొమ్మ ఏం పూసిందో రాసుకుంటాడు. ఉత్త రంగు కొమ్మల్ని చాలావరకు తీసేసి, అక్కడక్కడ ఒకటి ఉంచుతాడు. ప్రదర్శన అయిపోగానే పూలన్నీ గిల్లేసి, వెంటనే కొమ్మలు కత్తిరిస్తాడు. సత్సుకి ఆలస్యంగా పూస్తుంది, మే చివర, జూన్‌లో. వచ్చే ఏటి మొగ్గ వేసవిలోనే కట్టేస్తుంది. అంటే కోతకి దొరికేది కొద్ది వారాలే. మీరూ జూన్ దాటనివ్వకండి. ఒక్కో చోట నుంచి నాలుగైదు చిగుళ్లు చక్రంలా లేస్తాయి. వాటిలో రెండు ఉంచి మిగతావి తీసేయండి. ఏ రెండు ఉంచాలన్నది పువ్వు చూసి.

కొన్న మొక్క కొత్తది కాబట్టి ఈ ఏడు రంగుల గురించి కత్తెర పెట్టకండి, ఊరికే ఫోటోలు తీసి పెట్టుకోండి. మట్టి మాత్రం మార్చకండి. కుండీలో లేత పసుపు రంగు తేలికపాటి గుళికలుంటే అది కనుమా మట్టే. అకాగి అగ్నిపర్వతం ఎప్పుడో వెదజల్లిన ప్యూమిస్ రాయి అది. పుల్లటి (ఆమ్ల) గుణం, నీరు నిలవదు, తడి పోదు. సత్సుకికి అంతకంటే ఏం కావాలి? తడిస్తే గుళికలు ముదురు పసుపుకి తిరుగుతాయి, పాలిపోతే నీళ్లు పోయాలన్నమాట.

ప్రశ్న: మా తోడికోడలు హైడ్రేంజియాకి ఏదో పొడి వేసి గులాబీ పూలను నీలం చేసింది. మా చారల అజేలియాకి కూడా వెనిగరో కాఫీ పొట్టో వేస్తే చారలు పెరుగుతాయా?
— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పెరగవు. హైడ్రేంజియాలో మట్టి పుల్లగా ఉంటే అల్యూమినియం వేళ్లకి అందుతుంది, దాంతో నీలం వస్తుంది. అజేలియా చారలకీ మట్టికీ అలాంటి లావాదేవీ లేదు. మట్టి పుల్లగా, పీహెచ్ 4.5 నుంచి 6 మధ్య ఉంటే ఆకు పచ్చగా ఉంటుంది, అంతవరకే. వెనిగర్ పోస్తే వేళ్లు మాడతాయి. దాన్ని మామిడికాయ ముక్కలకి ఉంచుకోండి. తోడికోడలి పొడి అడగాల్సిన అవసరం తప్పిందని సంతోషించండి.

ప్రశ్న: అమ్మగారూ, ఊటీ వెళ్లినప్పుడు రెండు రంగుల అజేలియా తెచ్చి కొంపల్లిలో మా డాబా మీద పెట్టాను. ఏప్రిల్‌కి ఆకులు రాలి ఎండిపోయింది. బోరు నీళ్లు రోజూ పోశాను. మళ్లీ తెచ్చుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తెచ్చుకోకండి. మీ తప్పేమీ లేదు, అది కొండల మొక్క. ఊటీ, కూనూరు, కొడైకెనాల్, డార్జిలింగ్, షిల్లాంగ్ అయితే సరే. నీలగిరుల్లో దీని చుట్టం ఒకటి, ఎర్రపూల రోడోడెండ్రాన్, అడవిలో దానంతటదే పెరుగుతుంది. హైదరాబాద్ ఏప్రిల్‌లో డాబా మీద వేడి ఒక ఎత్తు, సున్నం నిండిన బోరు నీళ్లు ఇంకో ఎత్తు. పుల్లటి మట్టి అడిగే మొక్కకి రోజూ ఆ నీళ్లు పోస్తే ఆకులు పాలిపోయి చస్తుంది.

రెండు రంగుల సరదా తీరాలంటే మీకు కాగితం పూల మొక్క ఉంది. అందులో ‘మేరీ పామర్’ అన్న రకం అడగండి. కడియం నర్సరీల్లో ఇదే పేరుతో అడగొచ్చు. ఒకే మొక్కకి తెల్లవి, రాణీ రంగువి, ఒక్కోసారి ఒకే గుత్తిలో రెండూ పూస్తాయి. కలకత్తాలో ఒక కొమ్మ మారి పుట్టిన రకం అది. డాబా ఎండ దానికి పండగ. అజేలియాకి చెప్పిన సూత్రం దీనికీ పనికొస్తుంది. ఒక పక్కంతా ఒకే రంగు తిరిగితే ఆ కొమ్మను మొదటికంటా తీసేయండి. అజేలియాతో ఉన్న తంటా ఇక్కడ లేదు. కాగితం పూలు కొత్త చిగురు మీదే పూస్తాయి కాబట్టి పూత అయ్యాక ఎప్పుడు కోసినా మళ్లీ పూస్తుంది. అంటు కట్టించుకునేటప్పుడు కూడా రెండు రంగులూ కలిసి పూసిన కొమ్మే చూపించండి. ముళ్లున్నాయి, చేతులకి తొడుగులు వేసుకోండి.

ప్రశ్న: మా అజేలియా ఈ ఏడు విరగపూసింది. దేవుడికి పెట్టొచ్చా? మా పాప రేకలు నోట్లో పెట్టుకుంటోంది, ఫర్వాలేదా?
— ఒక పాఠకురాలు, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: దేవుడికి పెట్టండి, దోషం లేదు. పాప నోట్లోకి మాత్రం వెళ్లనివ్వద్దు. అజేలియా ఆకు, పువ్వు, తేనె అన్నిటిలోనూ గ్రయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది. వాంతులు, నీరసం, గుండె వేగం పడిపోవడం దాని లక్షణాలు. ఎక్కువ తిన్నట్టు అనిపిస్తే ఆలోచించకుండా పాయిజన్ కంట్రోల్‌కి (విషం తిన్నప్పుడు సలహా చెప్పే ఫోన్ సేవకి) ఫోన్ చేయండి, నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. పూజ పళ్లెంలో ప్రసాదం పక్కన ఈ పూలు పెట్టొద్దు. కుక్క ఉంటే దానికీ ఇదే నియమం. పాప పొద దగ్గర ఆడుకునే వయసులో ఉన్నన్నాళ్లు, కోసిన కొమ్మల్ని కూడా పెరట్లో కుప్ప పోయకుండా వెంటనే చెత్త సంచిలో వేసి మూతి కట్టండి.